అందరూ కాళ్ళు చాపిన క్రిస్మస్

మొన్న పటాన్‌చెరులో నరాల డాక్టరు దగ్గరికి మా తమ్ముడు ప్రకాశాన్ని తీసుకుపోయాను. ఆ డాక్టరు పాపం మంచి పిల్లాడు, మా అబ్బాయి కంటే కూడా చిన్నవాడు. ప్రకాశాన్ని కూర్చోబెట్టి, లేపి, నడిపించి, గుమ్మం దాకా పోయి రమ్మన్నాడు. గుమ్మం దగ్గర వీడి కాళ్ళు ఆగిపోయాయి. మనిషి ముందుకు వంగుతున్నాడు గానీ పాదాలు నేలకు మేకులు కొట్టినట్టు కదలవు. డాక్టరు అదే కావాలన్నట్టు తల ఊపి, బీరువాలోంచి ఒక చేతికర్ర తీసి మీట నొక్కాడు. కర్ర అడుగునుంచి ఎర్రటి వెలుగు గీత ఒకటి నేలమీద అడ్డంగా పడింది. ఆ గీతను దాటమన్నాడు. వీడు టక్కున దాటాడు. ఈ జబ్బులో తనంతట తాను నడవాలంటే మెదడు మొరాయిస్తుందనీ, ఎదురుగా దాటడానికి ఏదైనా కనిపిస్తే వేరే దారిలో పని చేస్తుందనీ, ఇది చాలా కొత్త పద్ధతనీ ఆ పిల్లాడు ఎంతో సంబరంగా చెప్పాడు. నేను ప్రకాశం మొహం చూశాను. వాడి మొహం ఇప్పుడు నవ్వదు, ఆ కండరాలను కూడా జబ్బు పట్టేసింది. కానీ వాడు నవ్వుతున్నాడో లేదో పొట్ట చూస్తే నాకు తెలుస్తుంది. పొట్ట ఎగిరెగిరి పడుతోంది. ఇక నావల్ల కాలేదు, పైట నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. డాక్టరు చిన్నబుచ్చుకున్నాడు. మేము నవ్వింది ఆయనను చూసి కాదని చెప్పడానికి చాలాసేపు పట్టింది. మా తాతకు ఇదే జబ్బు. ఆ కొత్త పద్ధతిని మా ఇంట్లో, నేను పరికిణీలు వేసుకునే రోజుల్లో, సుద్దముక్కతో నడిపించాం.

మాది చిట్కుల్. మా తాత పేరు సంసోను. పేరుకు తగ్గట్టే మనిషి. ఉన్న చెలక భూమి సగం పోయాక కాజీపల్లి వైపు ఒక మందుల కంపెనీలో గేటు దగ్గర పనికి కుదిరాడు. ఖాకీ బట్టలు, బూట్లు, మెడలో ఈల. లారీవాళ్ళనీ, మేనేజర్లనీ, ఒకసారి కంపెనీ యజమాని మామగారినీ కూడా చీటీ లేదని గేటు బయట ఎండలో నిలబెట్టాడట. జీవితమంతా ఇతరులను ఆపిన మనిషి చివరికి తన కాళ్ళ దగ్గరే ఆగిపోయాడని మా నాయనమ్మ మరియమ్మ అనేది. ఆ మాట ఆమె ఏడుస్తూ అన్నది తక్కువ, ఎగతాళిగా అన్నదే ఎక్కువ.

ఆ జబ్బు గేటు దగ్గరే మొదలైందని ఇప్పుడు నాకు అర్థమవుతోంది. సాయంత్రం గాలి ఇటు తిరిగితే చాలు, కంపెనీ వైపు నుంచి కుళ్ళిన గుడ్లూ స్పిరిటూ కలిపినట్టు ఒక వాసన ఊరి మీదికి వచ్చేది. నాయనమ్మ కిటికీలు మూసి, సాంబ్రాణి వేసి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని జొన్నరొట్టెలు చేసేది. తాత మాత్రం అరుగు మీద కూర్చుని గుండెల నిండా గాలి పీల్చి "ఏం వాసన?" అనేవాడు. నిజంగా ఆయనకు వాసన తెలియడం మానేసింది. ఈ జబ్బులో అన్నిటికంటే ముందు పోయేది ముక్కేనట, డాక్టరు పిల్లాడు చెప్పాడు. అప్పుడు ఎవరికి తెలుసు? తిన్న ఉప్పుకు కంపెనీని వెనకేసుకొస్తున్నాడని ఊరంతా ఆడిపోసుకుంది. నాయనమ్మ నిజమో నటనో తేల్చుకోవాలని రెండుసార్లు పప్పు మాడబెట్టి పెట్టింది. తాత బాగుందని తిని ఇంకాస్త వేయమన్నాడు.

తరువాత గొంతు తగ్గింది. మా ఇంట్లో రాత్రి భోజనానికి ముందు కుటుంబ ప్రార్థన. తాత ప్రార్థన మొదలుపెడితే ఆదాము దగ్గర ఎత్తుకుని, మా మేనత్త చూలు దాకా వచ్చి, కంపెనీ లారీల టైర్లను కూడా దేవుడికి అప్పగించి గానీ ఆమెన్ అనేవాడు కాదు. ఆ గొంతుకు వీధి చివర గేదె లేచి నిలబడేది. అటువంటి గొంతు కొంచెం కొంచెంగా సన్నబడి గుసగుస అయింది. కళ్ళు మూసుకుని కూర్చుంటే ప్రార్థన నడుస్తోందో అయిపోయిందో తెలిసేది కాదు. ప్రకాశం ఒక కన్ను తెరిచి తాత పెదవులు చూసి నాకు మోచేత్తో చెప్పేవాడు. రొట్టెలు చల్లారిపోతున్నాయని నాయనమ్మ తన అంచనా మీద గట్టిగా ఆమెన్ అనేసేది. చాలాసార్లు తాత అప్పటికి ఇంకా నోవహు ఓడ కూడా ఎక్కి ఉండడు. ఆయన మొహంలో కోపం కనిపించేది కాదు, నవ్వూ కనిపించేది కాదు. మేము తాతను నవ్వించడానికి కోతి వేషాలు వేసి, ఆయన కుడిచేతి వేళ్ళు బీడీ చుట్టినట్టు వాటంతట అవే ఆడుతుంటే చూసి భయపడి మానేసేవాళ్ళం. తాత మా చర్చిలో సంఘపెద్ద, ఆయన బీడీలు మొదలుపెట్టాడని కూడా కొన్నాళ్ళు పుకారు నడిచింది.

ఇవన్నీ ఒక ఎత్తు. కాళ్ళు ఆగడం ఒక ఎత్తు. మొదటిసారి ఆగింది చర్చి గుమ్మంలో. ఆదివారం, రెండో గంట కొట్టారు, జనమంతా ముందూవెనకా లోపలికి పోతున్నారు. తాత గుమ్మం మధ్యలో నిలబడిపోయాడు. వెనక ఉన్నవాళ్ళు ఏమనుకోవాలి? సంఘపెద్ద, తల వంచి, పెదవులు కదుపుతూ, వణుకుతున్న చేతితో నిలబడి ఉన్నాడు. ప్రార్థన చేస్తున్నాడనుకున్నారు. ఒకరి తరువాత ఒకరు తలలు వంచారు. చెప్పుల దగ్గర నుంచి గేటు దాకా అందరూ కళ్ళు మూసుకున్నారు. లోపల పాట ఎత్తుకోవడానికి సిద్ధంగా ఉన్న అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, గుమ్మం వైపు చూసి, తాతకేదో దర్శనం కలిగిందనుకుని మోకరించారు. ఆ పెదవులు అంటున్నది మాత్రం "కదలవేందే, కదలవేందే" అని. తన కాళ్ళను బతిమిలాడుకుంటున్నాడు. పక్కనే చెయ్యి పట్టుకుని ఉన్నాను గనక నాకు వినబడింది.

దర్శనాలు రెండు మూడు వారాలు బాగానే నడిచాయి. ఆ తరువాత జనానికి అనుమానం వచ్చింది, విసుగూ వచ్చింది. ఎవరైనా జల్దీ నడువు అంటే ఆ కాళ్ళు ఇంకా గట్టిగా అతుక్కునేవి. పదిమంది చూస్తుంటే మరీను. ఒక ఆదివారం వెనక నుంచి ఎవరో, మంచి ఉద్దేశంతోనే, చిన్నగా తోశారు. తాత వెళ్ళి చెప్పుల కుప్పలో పడ్డాడు. దెబ్బ తగల్లేదు. కానీ ఆయన లేచి, జేబులో ఇరుక్కున్న ఎవరిదో చిన్నపిల్ల చెప్పు తీసి జాగ్రత్తగా దాని జత పక్కన పెట్టి, వెనక్కి తిరిగి ఇంటికి వచ్చేశాడు. ఇక చర్చికి రానన్నాడు. నాయనమ్మ చెప్పింది, అయ్యగారు వచ్చి చెప్పారు. ప్రభు భోజనం రొట్టె, రసం ఇంటికే తెచ్చి ఇస్తామన్నారు. తాత ఒప్పుకోలేదు. పిలిచిన ఇంటికి మనమే పోవాలె గానీ విస్తరి మన ఇంటికి తెమ్మంటమా అన్నాడు. ఆ రోజుల్లోనే పట్నంలో పెద్ద ఆసుపత్రిలో చూపిస్తే జబ్బు పేరు చెప్పారు, మాత్రలు ఇచ్చారు. మాత్ర పని చేస్తున్నంతసేపు తాత సగం పాత తాత. పని అయిపోతే అరుగు మీద బొమ్మ. ఆదివారం గంట మోగినప్పుడల్లా ఆ బొమ్మ కళ్ళలో నీళ్ళు వచ్చేవి. మొహం మాత్రం అలాగే ఉండేది. నాకు ఆ గంట కొట్టేవాడి మీద ఎంత కోపం వచ్చేదో.

మా నాయన బడిపంతులు గనక ఇంట్లో సుద్దముక్కలకు కరువు లేదు. క్రిస్మస్ సెలవులకు ముందు ఒక సాయంత్రం నేను వాకిట్లో బండల మీద తొక్కుడుబిళ్ళ గడులు గీసుకున్నాను. తాత పెరట్లోకి పోవాలని లేచి వాకిలి అంచున ఆగిపోయాడు. నాయనమ్మ కేకలు వేస్తోంది, అటు చూస్తే ప్రకాశం అడ్డంగా పడుకుని రేగుపళ్ళు తింటున్నాడు. తాత తల వంచి నా గడులను చూశాడు. ఒక గీత దాటాడు. ఇంకో గీత దాటాడు. ఆగకుండా, తడబడకుండా, గేటు దగ్గర డ్యూటీకి పోయినట్టు గడుల మీదుగా ఆ చివరికి పోయాడు. గడులు అయిపోయిన చోట మళ్ళీ టక్కున ఆగాడు. నేను బిళ్ళ పారేసి పరుగెత్తి ఆయన ముందు ఇంకో గీత గీశాను. దాటాడు. ఇంకోటి గీశాను. దాటాడు. అలా వెనక్కి నడుస్తూ గీసుకుంటూ పోయి పేడకుప్పలో కూర్చున్నాను.

ఆ వారంలో మా ఇల్లంతా గీతలే. అరుగు నుంచి వంటింటికి, వంటింటి నుంచి పెరట్లోకి, మంచం నుంచి నీళ్ళ గాబు దాకా. నాయనమ్మ పొద్దున్నే అలికి ముగ్గు వేసే మనిషి, అలకడానికి వీల్లేకుండా పోయిందని గొణుక్కునేది. ఇంటిని బడి చేశారనేది. కానీ మధ్యాహ్నం అందరూ పడుకున్నాక చెరిగిపోయిన గీతల మీద తనే ముగ్గుపిండితో మళ్ళీ దిద్దేది, అది నేను చూశాను. పాలు పోసే ఆమె గీతలు తొక్కకూడదేమోనని ఎగిరి ఎగిరి వచ్చేది. ప్రకాశం ఒకరోజు కొంటెగా గీతలన్నీ జామచెట్టు చుట్టూ గుండ్రంగా గీశాడు. తాత చెట్టుచుట్టూ రెండు చుట్లు తిరిగి, వాడి పన్నాగం కనిపెట్టి, కర్ర ఎత్తాడు. ఆ రోజు చాలా కాలానికి తాత మొహం కొంచెం కదిలింది.

ప్రకాశం గురించి ఒక సంగతి చెప్పాలి. అప్పట్లో వాడు పొట్టివాడు. వాడి తరగతిలో ఆడపిల్లలు కూడా వాడికంటే పొడుగు. మా నాయనమ్మకు ఒక పట్టింపు ఉండేది. పడుకున్న వాళ్ళను గానీ, చాపిన కాళ్ళను గానీ దాటకూడదు. దాటితే, దాటించుకున్న మనిషి ఇక ఎదగడు. పొరపాటున దాటితే మళ్ళీ వెనక్కి దాటాలి, అప్పుడు చెల్లు. ఇదంతా నమ్మకూడదని చర్చిలో చెబుతారు గానీ నాయనమ్మ వినదు. ప్రకాశం ఆమెకంటే గట్టిగా నమ్మేవాడు. వాణ్ణి ఎవరైనా దాటితే వాళ్ళ చొక్కా పట్టుకుని వెనక్కి దాటించేదాకా వదిలేవాడు కాదు. ఒకసారి పిల్లి దాటిందని దాని వెంట పడి పక్క వీధి దాకా పోయాడు.

క్రిస్మస్ ముందురోజు తాత నన్ను పిలిచాడు. వంగి చెవి పెడితే గానీ వినబడని గొంతుతో అన్నాడు.

"సలోమీ, గుళ్ళె గూడ గట్లనే గీతలు గీస్తవా? రేపు నేనొస్త. బల్ల కాడికి నా కాళ్ళమీద నేనే పోత. మధ్యల ఆగితె మాత్రం, ఇగ నన్ను ఎన్నడు రమ్మనొద్దు."

అయ్యగారు ఒప్పుకున్నారు. ఆ సాయంత్రం నేనూ ప్రకాశం చర్చి గుమ్మం నుంచి ప్రభు భోజనం బల్ల దాకా నాపరాళ్ళ మీద తెల్లటి గీతలు గీశాం. కొలత కోసం ప్రకాశం తాత బూట్లు వేసుకుని నడిచాడు. మోకాళ్ళు దోక్కుపోయేదాకా గీసి, వెనక్కి చూసుకుని ఎంతో మురిసిపోయి ఇంటికి వచ్చాం. చర్చి ఊడ్చే పని మా ఊళ్ళో రూతమ్మది. ఆమె భక్తి ముందు మా అందరి భక్తీ దిగదుడుపే. పొద్దున్నే పండగకని వచ్చి చూస్తే, దేవుని మందిరం నిండా పిల్లల పిచ్చిగీతలు. ఎవరి పిల్లలో వాళ్ళను తిట్టుకుంటూ, బకెట్లకు బకెట్లు నీళ్ళు తోడి, కొబ్బరిపీచుతో రుద్ది రుద్ది కడిగేసింది.

మేము పోయేసరికి నాపరాళ్ళు తళతళలాడుతున్నాయి. నాకు ఏడుపు వచ్చింది. సుద్దముక్క తెచ్చుకోలేదు, తెచ్చుకున్నా తడి బండ మీద గీత పడదు. గుమ్మం దగ్గర ప్రకాశం తన కొత్త చొక్కా విప్పి నేలమీద పరిస్తే తాత ఎలాగో దాటి వెనక వరసలో గోడ పక్కన కూర్చున్నాడు. గీతలు లేవని అప్పటికే చూశాడు. అప్పట్లో మా చర్చిలో కుర్చీలు లేవు. అందరమూ చాపల మీదే, ఒకవైపు మగవాళ్ళు, ఒకవైపు ఆడవాళ్ళు, మధ్యలో దారి. పాటలు అయ్యాయి, ప్రసంగం అయింది. అయ్యగారు ప్రభు భోజనానికి పిలిచారు. ముందుగా సంఘపెద్దలు రావాలి. తాత లేచాడు. ఇంకొంచెం ఆగితే మాత్ర పని చేస్తుందేమో, కూర్చో తాతా అని నేను మనసులో ఎన్ని సార్లు అనుకున్నానో. దారిలోకి వచ్చాడు, నాలుగడుగులు వేశాడు. సరిగ్గా మధ్యలో ఆగిపోయాడు.

ఈసారి ఎవరూ దర్శనమని అనుకోలేదు. ఆయన మోకాళ్ళు వణుకుతున్నాయి, కొత్త ధోవతి అంచు వణుకుతోంది. రూతమ్మకు అప్పుడు అర్థమైనట్టుంది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తాత తల తిప్పి గుమ్మం వైపు చూశాడు. ఇక ఆయన వెనక్కి పోతాడు, పోయాక మళ్ళీ రాడు అని నాకు తెలిసిపోయింది. అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి ఒక కాలు దారిలోకి వచ్చింది. వెండి కడియం, పగిలిన మడమ. మా నాయనమ్మ కాలు. పడుకున్న కోడిపిల్లను కూడా దాటనివ్వని మనిషి, మగని ముందు కాలు చాపి ఎన్నడూ కూర్చోని మనిషి, నిండు సంఘంలో ఆయనకు అడ్డంగా కాలు చాపింది.

"దాటు," అంది.

తాత ఆ కాలును చూశాడు. దాటాడు. దాని తరువాత ఇంకేం ఉంది? ఖాళీ దారి. మళ్ళీ ఆగబోయేంతలో రూతమ్మ దబ్బున కూలబడి రెండు కాళ్ళూ ఒకేసారి చాపింది. పక్కామె చాపింది. అటు మగవాళ్ళ వైపు నుంచి మా నాయన, ఆయన పక్కన వడ్రంగి ఆశీర్వాదం, వెనక మా హెడ్మాస్టరుగారు సాక్సులతో సహా. బల్ల దాకా ఇటొక కాలు, అటొక కాలు. కడియాల కాళ్ళు, పగుళ్ళ కాళ్ళు, పండగకు పారాణి పెట్టుకున్న కాళ్ళు, అందరికంటే ముందు వరసలో ప్రకాశం పొట్టి కాలు. తాత ఒక్కొక్కటే దాటుకుంటూ పోయాడు. ఎవరో పిల్లకు కిసుక్కున నవ్వొచ్చింది, వాళ్ళమ్మ మూతి మూసింది, మూసి తనూ నవ్వింది. తాత బల్ల దగ్గర నిలబడి రొట్టె తీసుకున్నాడు. చెయ్యి వణికి రసం కాస్త అయ్యగారి తెల్ల అంగీ మీద పడింది. ఆయన చూసుకోలేదు, ఆయన ఏడుస్తున్నారు.

తిరగడం ఈ జబ్బులో అన్నిటికంటే కష్టం. తాత ఇటు తిరగలేక అక్కడే ఆగాడు. బల్ల పక్కనే చిన్న తలుపు ఉంది, అటునుంచి మెల్లగా బయటికి తీసుకుపోతానని అయ్యగారు ఆయన భుజం పట్టుకున్నారు. వచ్చిన పని అయింది గదా, తాత కూడా సరే అన్నట్టే ఉన్నాడు. అప్పుడు ప్రకాశం లేచి నిలబడి, చర్చి అదిరేలా అరిచాడు.

"తాతా, వెనక్కి దాటు! లేకుంటె నేను ఎదగ!"

ఎవరో కెవ్వున నవ్వారు. ఆ తరువాత ఎవరినీ ఆపడం ఎవరి తరమూ కాలేదు. క్రిస్మస్ ఆరాధనలో, ప్రభు భోజనం మధ్యలో, చిట్కుల్ సంఘమంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. కానీ చిత్రం ఏమిటంటే ఒక్కరూ కాలు వెనక్కి తీసుకోలేదు. పిల్లలున్న తల్లులైతే మరీ గట్టిగా చాపి కూర్చున్నారు. అయ్యగారు ఒక్క క్షణం ఆలోచించి, అంగీ పైకెత్తి తన కాలు తాత ముందు అడ్డంగా పెట్టారు. దాన్ని దాటి తాత ఇటు తిరిగాడు. ప్రకాశం కాలు దాటాడు. ఒక్క కాలూ వదలకుండా, అందరి ఎదుగుదలా అందరికీ అప్పగించుకుంటూ, నాయనమ్మ దగ్గరికి వచ్చాడు. ఆమె కాలు దాటి, ఆ పక్కనే, ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చుండిపోయాడు. అది తప్పని ఎవరూ అనలేదు. ఆ తరువాత ఆయన చాలా క్రిస్మస్‌లకు వచ్చాడు. రూతమ్మ ప్రతి శనివారం తనే సున్నంతో గీతలు వేసేది. మా గీతలకంటే వంకరగా ఉండేవి.

ఇప్పుడు చర్చిలో చలువరాళ్ళు, కుర్చీలు, గోడకు తెర, ఏసీ. ఎవరి కుర్చీ వారిది. కాలు చాపుదామన్నా ముందు కుర్చీకి తగులుతుంది. చిట్కుల్‌లో మా వాకిలి ఉన్న చోట నాలుగంతస్తుల గదులు, ఒడిశా నుంచీ బిహార్ నుంచీ వచ్చిన కంపెనీ పిల్లలు కిరాయికి ఉంటున్నారు. ఆ వాసన మాత్రం అప్పుడప్పుడూ వస్తూనే ఉంది, ప్రకాశానికి తెలియదు. వాడు ఇప్పుడు గుమ్మానికి తల తగిలేంత పొడుగు. ఇస్నాపూర్‌లో వాడుండే అపార్టుమెంటులో లిఫ్టు ముందు ఆగిపోతాడు. తలుపులు తెరుచుకుంటాయి, వీడు కదిలేలోపు మూసుకుంటాయి. లోపలివాళ్ళు చూస్తారు. అందుకే ఈ మధ్య కిందికి దిగడం మానేశాడు. ఆదివారం చర్చికి రమ్మంటే ఫోనులో వింటానంటాడు. ఆ రోజు డాక్టరు దగ్గరికి కూడా నేను పోట్లాడి తీసుకుపోయాను. ఆ కర్ర ఆసుపత్రిలో ఒకటే ఉందట, కొత్తది తెప్పించడానికి వారం పడుతుందన్నారు.

ఆసుపత్రి నుంచి వచ్చి లిఫ్టు ముందు నిలబడ్డాం. తలుపులు తెరుచుకున్నాయి, వీడి కాళ్ళు ఆగాయి. మూసుకున్నాయి. మళ్ళీ మీట నొక్కాను. వెనక కూరగాయల సంచులతో ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి నిలబడ్డారు. వీడి మెడ మీద చెమట పట్టింది. మెట్ల వైపు చూశాడు, ఆ చూపు నాకు తెలుసు. నా మోకాళ్ళు ఇప్పుడు ఇటూ అటూ వంగవు. అయినా తలుపులు మళ్ళీ తెరుచుకోగానే గోడ పట్టుకుని, చెప్పు విడిచి, చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి, లిఫ్టు గడప మీద కాలు అడ్డంగా పెట్టాను. ప్రకాశం ఆ కాలు వైపు చూశాడు.

"వద్దక్కా. నువ్వు ఎదగవు."

"ఎదిగిన కాడికి చాలు. దాటు."

దాటాడు. కూరగాయల ఆడవాళ్ళకు ఏమీ అర్థం కాలేదు, అర్థం చేసుకునే లోపలే తలుపులు మూసుకున్నాయి. పైన వాడి అంతస్తులో మళ్ళీ అదే కాలు, మళ్ళీ దాటాడు. ఇంటి గుమ్మంలో మళ్ళీ. వాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, నీళ్ళు తాగి, మోకాలు రుద్దుకుంటూ నేను పోతానని లేచాను. వాడు ఏదో అన్నాడు. గొంతు ఇప్పుడు తాత గొంతే. దగ్గరికి పోయి వంగి చెవి పెట్టాను.

"ఆదివారం పొద్దుగాల్నే రాక్కా. గుడికి పోదాం. వెనక్కి దాటాలె గదా."

మొహం కదల్లేదు. పొట్ట ఎగిరెగిరి పడుతోంది.